దర్వాజ లేని స్విచ్చు

ఆ రోజుల్లో నాకు ఒక గట్టి నమ్మకం ఉండేది. నేను ఒకసారి చెబితే పని అయిపోయినట్టే. అయిందో లేదో మళ్లీ పోయి చూడటం చిల్లర మనుషుల లక్షణం. ఈ నమ్మకం నాకు చదువు వల్ల రాలేదు, వంశం వల్ల వచ్చింది. ఇటిక్యాల దగ్గర ఒక ఊళ్లో మాకు గడి, అంటే దొరలుండే కోటలాంటి ఇల్లు, ఉంది. ఉంది అంటే సగం ఉంది. పై అంతస్తు కప్పు నా చిన్నప్పుడే దిగిపోయింది, మిగిలిన సగాన్ని పావురాలు, మేము పంచుకున్నాం, పెద్ద వాటా వాటిదే. మా తాత హయాంలో ఆ గడికి రెండు దర్వాజలుండేవి. ముందరి పెద్ద దర్వాజ మా వాళ్లకు, మా వాళ్లతో సమానమైన వాళ్లకు. వెనక చిన్న దర్వాజ మిగతా లోకానికి. నేను పుట్టేనాటికి భూములు పోయాయి, గుర్రాల కొట్టంలో ఎవరివో మేకలు కట్టేస్తున్నారు, కానీ పెద్ద దర్వాజకు తాళం మాత్రం ఠీవిగా వేలాడుతూనే ఉంది. (తాళంచెవి ఎక్కడుందో ఎవరికీ తెలియదు కాబట్టి మేము కూడా వెనక దర్వాజ నుంచే తిరిగేవాళ్లం. ఈ సంగతి బయట చెప్పుకునేవాళ్లం కాదు.) ఆస్తిలో నా వంతుకు వచ్చింది నిటారుగా నిలబడే వెన్నెముక ఒక్కటే. దాన్ని నేను ఎక్కడికి పోయినా వెంట తీసుకుపోయేవాణ్ని, బస్సులో కూర్చున్నప్పుడు కూడా వంచేవాణ్ని కాదు.

రెండు వేల దశకం చివర్లో ఆ వెన్నెముకతో సహా నేను వనపర్తి అవతల కొత్తగా పెట్టిన ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ల్యాబ్ ఇన్‌చార్జిగా చేరాను. చేరాక తెలిసింది, ఆ కాలేజీ యజమాని మా ఊరాయనేనని. అందరూ పెద్దసారు అనేవాళ్లు. వాళ్ల నాయన మా తాత దగ్గర మస్కూరి, అంటే గడి నుంచి ఊళ్లోకి మాట మోసుకుపోయే మనిషి. మస్కూరికి ఒక పద్ధతి ఉండేది. దొర చెప్పిన మాటను గడప దగ్గర నిలబడి మళ్లీ ఒకసారి తిప్పి చెప్పాలి, అప్పుడే కదలాలి. తిరిగి వచ్చాక తాను ఏం చెప్పాడో కాదు, అక్కడ ఏం చూశాడో చెప్పాలి. పెద్దసారుకు ఆ పద్ధతి వాళ్ల నాయన నుంచి వచ్చినట్టుంది. కాలేజీలో ఎవరికి ఏ పని చెప్పినా చివర "తిప్పి చెప్పు" అనేవారు. బస్సు డ్రైవర్లు తిప్పి చెప్పేవాళ్లు, గణితం చెప్పే ముసలి ప్రొఫెసరు కూడా కళ్లద్దాలు సర్దుకుని తిప్పి చెప్పేవాడు. నేను మాత్రం "సరే సార్" అని ఊరుకునేవాణ్ని. మస్కూరి కొడుకు ముందు దొర మనవడు పాఠం అప్పజెప్పడమా? ఆయన కూడా నన్ను బలవంతపెట్టకుండా ఒక చిరునవ్వు నవ్వి, "మంచిది దొరా" అనేవారు. అది గౌరవమనుకున్నాను. (స్టాఫ్ రూములో అందరూ నన్ను దొరా అని పిలుచుకుని పడి పడి నవ్వేవారని చాలా రోజుల తర్వాత తెలిసింది.)

ఆ ఏడాది కాలేజీకి ఒక పెద్ద సర్వరు వచ్చింది. ఒక్కటే ఇనుప పెట్టె, కానీ లోపల నాలుగైదు కంప్యూటర్లు ఉన్నట్టు నడిచేది. ఒకటి పరీక్షలది, ఒకటి లైబ్రరీది, ఒకటి పెద్దసారు ఆఫీసుది. ఈ లోపలి కంప్యూటర్లు బయటి ల్యాబుతో మాట్లాడాలంటే మధ్యలో ఒక స్విచ్చు కావాలి. గోడకు బిగించేది కాదు, వర్చువల్ స్విచ్చు. చేతికి తగలదు, కంటికి కనిపించదు, కానీ ఉంటుంది. మా వంశ ప్రతిష్ఠ లాంటిదే అనుకోండి, తేడా ఏమిటంటే స్విచ్చు పనిచేస్తుంది. దానికి బయటి ప్రపంచంతో ఉన్న సంబంధమల్లా సర్వరు వెనక గుచ్చిన ఒక్క తీగ. రెండో తీగకు కూడా చోటుండేది గానీ, ఒక పిడుగుకు అది మాడిపోయింది.

ఆ స్విచ్చును మౌసుతో బొమ్మలు నొక్కి కూడా నడిపించవచ్చు. నాకది నచ్చలేదు. మౌసు పట్టుకుని బతిమాలడమేమిటి? నల్లటి తెర మీద కమాండు కొట్టడమే నాకు సరిపోయింది, పేరులోనే ఆజ్ఞ ఉంది. ఇంకో గొప్ప గుణం, చెప్పిన పని చేస్తే ఆ తెర ఒక్క మాట మాట్లాడదు. కింద మళ్లీ ఖాళీ గీత వచ్చి నిలబడుతుంది, తర్వాత ఏం సెలవు అన్నట్టు. మా గడిలో మనుషులు ఇలాగే ఉండేవాళ్లని విన్నాను. నా దగ్గర పనిచేసే ల్యాబ్ అసిస్టెంటు ఒకాయన ఉండేవాడు, ఎప్పుడు చూసినా మెడలో రెండు మూడు చార్జర్లు వేలాడేసుకుని తిరిగేవాడు కాబట్టి చార్జర్ భాయ్ అనేవాళ్లం. ఆయనకు ఈ మౌనం నచ్చేది కాదు. "ఏంది సార్, ఏం మాట్లాడ్తలేదు, అలిగిందా?" అని అడిగేవాడు. పని అయితే మాట్లాడదని చెబితే, "మా ఇంట్ల గట్ల సప్పుడు లేదంటే జర భయపడాలె సార్" అని తల ఊపేవాడు. స్విచ్చు ఇప్పుడు ఎలా ఉందో చూపించే కమాండు కూడా ఒకటి ఉంది. ఏ స్విచ్చుకు ఏ కంప్యూటరు తగిలి ఉందో, బయటి తీగ ఎవరి దగ్గరుందో వరసగా చెబుతుంది. దాన్ని నేను ఎన్నడూ వాడలేదు. చెప్పిన మాట మీద నాకు నమ్మకం లేకపోతే కదా.

ఇలా ఉండగా కాలేజీకి ఇన్‌స్పెక్షన్ వచ్చిపడింది. హైదరాబాదు నుంచి ఇద్దరు పెద్దమనుషులు వచ్చి ల్యాబులు చూస్తారు, నచ్చితేనే కొత్త సీట్లు. పెద్దసారు నన్ను పిలిచి, ల్యాబు వాళ్ల ముందు నడిస్తే నా ఉద్యోగం పర్మనెంటు అన్నారు. నడవకపోతే ఏమవుతుందో ఆయన చెప్పలేదు, చెప్పనక్కరలేదు కూడా. ఇటిక్యాలలో మా చిన్నాయన అప్పటికే ఒక ఎరువుల దుకాణంలో నా కోసం కుర్చీ మాట్లాడి పెట్టాడు. గడి వారసుడు యూరియా బస్తాల మధ్య కూర్చుని, వచ్చేపోయేవాళ్ల నమస్కారాలు అందుకుంటాడన్నమాట. ఆ కుర్చీ నాకు కలలోకి కూడా వచ్చేది.

ఇన్‌స్పెక్షన్‌కు ముందు రోజు పొద్దున పెద్దసారు చెప్పిన పని చిన్నదే. పరీక్షల కంప్యూటరు ల్యాబులో పిల్లలకు తెరుచుకోవాలి. తన ఆఫీసు కంప్యూటరు మాత్రం పిల్లలకు కనిపించకూడదు. అలవాటుగా "తిప్పి చెప్పు" అన్నారు, నేను అలవాటుగా "సరే సార్" అన్నాను. సర్వరు గదిలో కూర్చుని ఆలోచిస్తే దారి వెంటనే తోచింది. ఆఫీసు అంటే పెద్దవాళ్ల వ్యవహారం కాబట్టి దానికి వేరే స్విచ్చు, అంటే వేరే దర్వాజ. కొత్త స్విచ్చు పుట్టమన్నాను, మౌనంగా పుట్టింది. ఆఫీసు కంప్యూటరును అందులోకి పొమ్మన్నాను, మౌనంగా పోయింది. బయటి తీగను దానికి తగిలించమన్నాను. అప్పుడు మొదటిసారి ఆ తెర నోరు తెరిచి, ఈ తీగ ఇప్పటికే వేరే స్విచ్చుకు ఉంది అని బదులిచ్చింది. ఎదురు చెబుతోందే అని నాకు ఒళ్లు మండింది. పాత స్విచ్చు నుంచి తీగ తీసెయ్యమన్నాను, కొత్తదానికి ఇమ్మన్నాను. మళ్లీ చక్కటి మౌనం. ఆఫీసుకు పోయి పెద్దసారు కంప్యూటరు తెరిచి చూస్తే బ్రహ్మాండంగా పనిచేస్తోంది. పెద్దవాళ్లది పనిచేస్తే మిగతావాళ్లది పనిచేయకుండా ఎక్కడికి పోతుందని ఇంటికి వెళ్లిపోయాను.

మర్నాడు ఇద్దరు పెద్దమనుషులూ జొన్నరొట్టెలు, నాటుకోడి పులుసు కడుపారా తిని, నిద్ర ఆపుకుంటూ ల్యాబులోకి వచ్చారు. పిల్లలు ఉతికిన బట్టల్లో బుద్ధిగా కూర్చున్నారు. "కానివ్వండి, పరీక్ష తెరవండి" అన్నాడు వాళ్లలో లావుపాటాయన. పిల్లలు నొక్కారు. తెరల మీద చిన్న గుండ్రం తిరుగుతూ ఉంది. తిరుగుతూనే ఉంది. ముందు వరసలో ఒక అమ్మాయి భయంగా నా వైపు చూసింది, నేను గంభీరంగా పైకప్పు వైపు చూశాను. లావుపాటాయన వంగి ఒక తెరను పరీక్షగా చూస్తూ, ఇదేమైనా నిద్రపోతోందా అని అడిగాడు. పెద్దసారు నన్ను చూశారు. నాకు యూరియా వాసన తగిలింది.

సరిగ్గా అప్పుడే ఫ్యాన్లు ఆగిపోయాయి, తెరలన్నీ నల్లబడ్డాయి. గుమ్మం దగ్గర చార్జర్ భాయ్ రెండు చేతులూ చాచి, ఎంతో బాధగా, "కరెంటు పోయింది సార్. మా దిక్కు గిట్లనే ఉంటది. జర బయట గాలికి కూసోండ్రి, చాయ్ తెస్త" అన్నాడు. మా పాలమూరులో కరెంటు పోయిందంటే ఎందుకు అని అడిగిన మనిషిని ఇంతవరకు చూడలేదు. ఇద్దరూ మారు మాట్లాడకుండా వరండాలోకి పోయి కుర్చీల్లో వాలారు. నా పక్క నుంచి పోతూ భాయ్ గొంతు తగ్గించి, "మెయిన్ నేనే బంద్ చేసిన. సర్వరు బ్యాటరీ మీద ఉన్నది, ఉరుకుండ్రి" అన్నాడు.

ఉరకడం మా వంశంలో లేదు గానీ, ఆ రోజు సర్వరు గదిలోకి నేను నడిచిన నడకకు వేరే పేరు కూడా లేదు. వెనకనే పెద్దసారు వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు. బ్యాటరీ అప్పుడే కీచుమంటోంది.

"దొరా, నిన్న నేనేం చెప్పిన?"

"మీరు చెప్పినట్టే చేసిన సార్."

"చేసింది అడుగుతలేను. చెప్పింది తిప్పి చెప్పు."

నా వెన్నెముక ఇంకా నిటారుగా అయింది. మా తాత ఆయన నాయనతో చెప్పించుకున్న మాట ఇప్పుడు ఆయన నాతో చెప్పించుకుంటున్నాడు. బ్యాటరీ ఇంకోసారి కీచుమంది. అవమానానికి, యూరియాకు మధ్య తూచి చూసుకుని, గోడ వైపు తిరిగి చెప్పాను, పరీక్షలది పిల్లలకు తెరుచుకోవాలి, ఆఫీసుది వాళ్లకు కనిపించొద్దు.

"ఆ. ఇప్పుడు ఏమున్నదో చెప్పు. నువ్వు ఏం చేసినవో నాకొద్దు, ఆడ ఏమున్నదో సూసి చెప్పు. మీ తాత మా నాయనను గిట్లనే అడుగుతుండె. తూము తెరవమని చెప్పొచ్చిన అంటే ఊకునేటోడు కాదు, నీళ్లు ఎవని మడిల ఉన్నయో చెప్పమనేటోడు."

నా చెవుల్లో ఒక్కసారిగా ఏదో తెరుచుకున్నట్టయింది. మా తాత గురించి ఇంట్లో ఎన్నో కథలు విన్నాను. ఆయన ఒక్కమాట అంటే ఊరు కదిలేదన్నది విన్నాను. ఆ తర్వాత కూర్చుని, కదిలిందా లేదా అని ఇంత ఓపిగ్గా అడిగి తెలుసుకునేవాడన్నది మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆ సగం మస్కూరి ఇంట్లో భద్రంగా ఉంది. మాకు మిగిలింది మీసాల సగం.

నేనెన్నడూ వాడని ఆ కమాండు కొట్టాను. తెర మీద వరసగా వచ్చింది, పెద్దసారు వినేటట్టు పైకి చదివాను. ఆఫీసు స్విచ్చుకు ఆఫీసు కంప్యూటరు ఉంది, బయటి తీగ ఉంది. పాత స్విచ్చుకు పరీక్షల కంప్యూటరు ఉంది, లైబ్రరీది ఉంది, బయటి తీగ అన్న చోట ఏమీ లేదు, ఉత్త ఖాళీ. పిల్లల పరీక్షలను నాలుగు వైపులా గోడకట్టి లోపల పెట్టాను.

"తీగ ఎవరు తీసిండ్రు?"

"నేనే సార్. మీ ఆఫీసుకు వేరే దర్వాజ పెడదామని."

పెద్దసారు మెల్లగా నవ్వారు. "నాకు వేరే దర్వాజ ఎవరడిగిండ్రు దొరా? కనిపించొద్దన్న, గంతే."

ఆలోచిస్తే నిజమే. మస్కూరి కొడుక్కి పెద్ద దర్వాజ రాసిచ్చింది మా వంశంలో నేనే మొదటివాణ్ని, అదీ ఆయన అడగకుండా. సరైన పద్ధతి నాకు చదువుకున్నప్పటి నుంచి తెలుసు. అందరినీ ఒకే స్విచ్చులో ఉంచి, ఆఫీసుకు ఒక నంబరు, పిల్లలకు ఒక నంబరు ఇస్తే చాలు. దర్వాజ ఒకటే, లోపలికి వచ్చాక ఎవరి అర వాళ్లది, ఒకరికొకరు కనిపించరు. బయటి తీగ అవతలి కొస గోడకున్న ఇనుప స్విచ్చులో ఉంది, దానికి ఆ నంబర్లు ముందే నేర్పి ఉన్నాయి. తెలిసీ ఎందుకు చేయలేదంటే, పెద్దలూ పిన్నలూ ఒకే గుమ్మం తొక్కడం నాకు మర్యాదగా తోచలేదు.

కూర్చుని ఒక్కొక్కటే కొట్టాను. తీగ తీయమన్నాను, తీశాక చూపించమన్నాను, చదివాను. పాత స్విచ్చుకు ఇమ్మన్నాను, చూపించమన్నాను, చదివాను. నంబర్లు ఇచ్చాను, మళ్లీ చదివాను. ప్రతిదానికీ పెద్దసారు తలుపు దగ్గర చేతులు వెనక్కి కట్టుకుని, "ఊఁ" అంటున్నారు. మా ఇంట్లో తాత ఫోటో ఒకటుంది, అందులో అచ్చం ఇలాగే నిలబడి ఉంటాడు. ఆ గదిలో ఎవరు దొర, ఎవరు మస్కూరి అని చూసేవాళ్లకు అనుమానం కలిగే అవకాశమే లేదు.

చార్జర్ భాయ్ "కరెంటు వచ్చింది" అని కేక వేసేసరికి పెద్దమనుషులు ఒక కునుకు తీసి ఉన్నారు. పిల్లలు నొక్కారు, పరీక్ష తెరుచుకుంది. ముందు వరసలోని అమ్మాయి నవ్వింది. లావుపాటాయన సంతోషంగా సంతకం పెడుతూ, మీ దగ్గర కరెంటు నయమే, తొందరగానే వస్తుంది అని మెచ్చుకున్నాడు. భాయ్ నమ్రతగా తల వంచి, అంతా మీ దయ అన్నాడు. ఆ సాయంత్రమే నాకు పర్మనెంటు ఉత్తర్వు ఇస్తూ పెద్దసారు, రేపటి నుంచి ఏం చేయాలో చెప్పి, చివర ఆగి నా ముఖం చూశారు. నేను తిప్పి చెప్పాను. ఎరువుల దుకాణంలో కుర్చీ వేరెవరికో దక్కింది.

ఇప్పుడు నా దగ్గర పనిచేసే కుర్రాళ్లు నన్ను ఆడిపోసుకుంటారని తెలుసు. కమాండు కొట్టి "అయిపోయింది సార్" అంటే నేను వినను, అక్కడ ఏముందో చూసి చదవమంటాను. మొన్న ఏదో పని మీద ఊరికి పోయి గడి ముందు నిలబడ్డాను. పెద్ద దర్వాజ తలుపులు ఎవరో ఊడదీసుకుపోయారు, చెక్క చట్రం మాత్రం మిగిలింది. అలవాటైన ప్రాణం కదా, ఉన్నది ఉన్నట్టు పైకి చదువుకున్నాను. కప్పు, లేదు. తాళం, లేదు. పావురాలు, ఉన్నాయి. ముందరి దర్వాజ నుంచి దర్జాగా లోపలికి పోతున్నవి, మేకలు. దొర, ఒకడు, కళ్లద్దాలతో, వెన్ను ఇంకా నిటారుగానే ఉంది. మేకల కాపరి ఆగి, "ఎవరితోటి మాట్లాడ్తున్నవ్ సారూ?" అని అడిగాడు. ఎవరితోనూ కాదని చెప్పి, మేకలన్నీ పోయేదాకా దారి ఇచ్చి, వాటి వెనకే, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, పెద్ద దర్వాజ నుంచి మా ఇంట్లోకి నడిచాను.