సాక్షి సీసాలు తాగేశారు

మాకు బీరు తయారీ నేర్పిన సార్ చనిపోయారన్న వార్త కోర్సు వాట్సాప్ గ్రూపులో వచ్చింది. గుండెపోటు. కాప్రాలోని ఇంట్లోనే. దాని కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. ఆ బొమ్మల మధ్యలోనే ఎవరో అడిగారు: "మరి ఆదివారం సీసాలకు మూతలేసే క్లాసు ఉంటదా?" నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. అది ఇంకా తగ్గలేదు. ఆ కోపంతోనే రాస్తున్నాను.

మా శిక్షణ కేంద్రం ఏ.ఎస్. రావు నగర్‌లో ఒక టైర్ల దుకాణం మీద మూడో అంతస్తు. చిన్న ఎత్తున బీరు తయారుచేసి, సీసాల్లో నింపి అమ్మడం ఎలాగో మూడు నెలలు నేర్పుతారు. మైక్రోబయాలజీ చదువుతూ అందులో చేరిన నన్ను తోటివాళ్లు "బీరక్కా" అని ఏడిపించేవారు. సార్ బీరు ఫ్యాక్టరీలో చేసి రిటైరైన మనిషి. ఆదివారాలు చర్చి నుంచి నేరుగా వచ్చేవారు, ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కాతో. రుచి చూసి ఉమ్మేసేవారు. ఒక్క గుక్క మింగగా నేను చూడలేదు.

మొదటిరోజు తలా ఒక గ్లాసు ఇచ్చి, ఎలా ఉందో రాయమన్నారు. నేను "బాగుంది" అని రాశాను. ఆయన ఎర్ర పెన్నుతో కొట్టేశారు.

"బాగుందంటే ఏంది బిడ్డా? మా అల్లుడు సుత బాగుంటడు. ముక్కు పెట్టు. ఏం వాసనొస్తే గది రాయి."

అప్పటిదాకా మాటలంటే నాకు పరీక్షలో మార్కులే. ఆయన దగ్గర ఉడికిన మొక్కజొన్న ఒక మాట, తడిసిన అట్టపెట్టె ఒక మాట. ఒక్కో వాసన వెనక ఒక్కో పొరపాటు ఉంటుంది. పచ్చి ఆపిల్ వాసన వచ్చిందంటే, చక్కెరను తినే ఈస్ట్ పని ఇంకా పూర్తికాలేదని. బస్సులో వెళ్తూ కూడా నోటుబుక్కులో రాసుకునేదాన్ని: వానకు తడిసిన ఇనుప గేటు, ఎండలో మరిచిపోయిన స్కూలు బ్యాగు. మాటలంటే ఇంత ఇష్టం నాకు ఏ తెలుగు పాఠంలోనూ కలగలేదు. బీరు వాసన చూస్తే కలిగింది.

ఆయన పెట్టిన ఆచారం ఒకటుంది. ఎవరు బీరు నింపినా అందులోంచి ఆరు సీసాలు తీసి, కిటికీ పక్క అరలో పెట్టేవారు. వాటిని సాక్షి సీసాలు అనేవారు. వారానికొకటి తెరిచి, కనిపించింది మాత్రమే రిజిస్టర్‌లో రాయాలి. తాగడానికి వాటిని ఎవరూ ముట్టకూడదు. "మనం అబద్ధమాడుతం, సీసా ఆడదు" అనేవారు.

నేను ఆయనతో పోట్లాడింది ఆ సీసాల మీదే. చక్కెర ఎంత మిగిలిందో చూపే గాజుగొట్టం మూడురోజులు ఒకే అంకె చూపించాకే నింపాలని ఆయన నియమం. రెండురోజులు ఒకటే అంకె వచ్చింది. మూడోరోజు ఆయన డాక్టర్ దగ్గరికి వెళ్లారు. నాకు పరీక్షలు దగ్గరపడ్డాయి, పైగా అందరికన్నా ముందు నింపాలన్న ఆత్రం. నింపేశాను. మర్నాడు ఆయన వచ్చి చూశారు. అరవలేదు. ఆరు సీసాలు అరలో పెట్టి, మిగతావి పగిలితే గాజు ఎగరకుండా తడి గోనెసంచి కప్పారు. "ఎవరికీ ఇయ్యొద్దు" అన్నారు.

"రెండురోజులు ఒకటే వచ్చింది కదా సార్! మేం చేసింది ఏదీ మీకు బాగుండదు."

"బాగుండదు అన్నది సుత మాట గాదు బిడ్డా. నువ్వు తప్పని నేననను. జెర ఆగు, సీసానే చెప్తది."

ఆ తర్వాత ఆయనతో మాట్లాడలేదు. అడిగినదానికి తలూపానంతే. రిజిస్టర్ తెరిచి కూడా చూడలేదు. రెండో వారం ముగియకుండానే ఆయన పోయారు.

సంతాపసభ మా క్లాసుగదిలోనే పెట్టారు. ఫొటోకు బంతిపూల దండ. ఒక్కొక్కరూ లేచి "సార్ చాలా మంచివారు" అని కూర్చున్నారు. వాళ్ల మాటలు ఆయన ఎర్ర పెన్నుతో కొట్టేయాలనిపించింది. చివర్లో కేంద్రం నడిపే ఆయన అరలోంచి సీసాలు దించడం మొదలుపెట్టారు.

"సార్ పేరు మీద తలా ఒక గుక్క."

నేను లేచాను. "అవి తాగేవి కావు సార్. సాక్షి సీసాలు. ఇంకా వారాలున్నయి."

"మనిషే పోయిండమ్మా. ఇంక సీసాల సాక్ష్యం ఎవరికి?"

"బీరక్కా, కూసో" అని వెనక నుంచి ఎవరో అన్నారు. నవ్వారు.

కేంద్రం నడిపే ఆయన చేతికి వచ్చిన సీసా మీద నా పేరుంది. మూత తీయగానే నురగ పైకి తన్నుకొచ్చింది. ఆగలేదు. బల్లంతా పారి, దండ తడిపి, ఫొటో అద్దం మీద జారింది. "అరే, సార్ ఖుషీ అయిండు!" అని చప్పట్లు కొట్టారు.

సాక్షి అందరి ముందూ చెప్పింది. అర్థమైంది నాకొక్కదానికే. చక్కెర ఇంకా మిగిలి ఉండగా నింపితేనే అట్లా పొంగుతుంది. తప్పు నాదే. "అవును సార్" అని చెబుదామంటే సార్ లేరు. వాళ్లమీద వచ్చినంత కోపమూ తిరిగి నామీదికే వచ్చింది. నిజం చెప్పాలంటే ఆయనమీద కూడా. తిట్టి ఉండొచ్చు కదా!

అందరూ వెళ్లాక రిజిస్టర్ తీశాను. మొదటివారం గడిలో ఆయన రాత: "మూత తీస్తే పెద్ద చప్పుడు. నురగ మెడ దాక." రెండోవారం గడి ఖాళీ. అందులో నేను రాశాను: "నురగ సీసా దాటింది. దండ తడిసింది. మూడోరోజు ఆగలేదు." సంతకం పెట్టాను.

ఫొటోను ఎవరూ తుడవలేదు. కళ్లద్దాల దగ్గర నురగ ఎండి, జిగటగా ఒక చార కట్టింది. గుడ్డ తడిపి మెల్లగా తుడిచాను. తుడిచిన గుడ్డను అలవాటుగా ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

పచ్చి ఆపిల్.