క్షయ వార్డులో స్టాంపులన్న

పంతొమ్మిదివందల యాభైల చివర్లో, నాకు ఇరవై రెండేళ్ళప్పుడు, పద్నాలుగు నెలలు క్షయ ఆసుపత్రిలో ఉన్నాను. నెల్లూరుకు తూర్పున, సముద్రపు గాలి తగిలేచోట, సరుగుడు తోపుల మధ్య ఉండేది అది. టీచరు ట్రైనింగు పూర్తయి, ఉద్యోగంలో ఇంకా చేరకముందే దగ్గులో నెత్తురు పడింది. ఇంట్లో నా వెనక ఇద్దరు చెల్లెళ్ళు. ఈ జబ్బు పేరు బయటికొస్తే మా గడప ఎవరూ తొక్కరని, మనుబోలు దగ్గరి మా ఊళ్ళో నేను మద్రాసులో పై చదువు చదువుతున్నానని చెప్పుకున్నారు. మా నాన్న ఒక్కసారి వచ్చాడు. కిటికీ బయటే నిలబడి, నా ముఖం చూడకుండా మంచం కోళ్ళను చూస్తూ నాలుగు మాటలు మాట్లాడి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

వార్డులో మాకు ఒకటే పని, పడుకోవడం. పొద్దున సూది, తర్వాత మాత్రలు, పాలు, గుడ్డు, మళ్ళీ పడక. ఎదుటి మంచం ఖాళీ అయితే ఇంటికి వెళ్ళాడా, పోయాడా అని అడగడం కూడా మానేశాం. మూతపెట్టిన ఉమ్మి డబ్బా ఒక్కటే నాది అని చెప్పుకోదగ్గ వస్తువు.

నేను చేరిన రెండోవారమో మూడోవారమో, ఒక ఆదివారం, నలభై దాటిన మనిషి ఒకాయన ఖాకీ సంచితో వచ్చాడు. ఎడమ భుజం కుడిదానికంటే బాగా కిందికి దిగి ఉంది. నా మంచం పక్కకు స్టూలు లాక్కుని కూర్చున్నాడు. అక్కడికి వచ్చేవాళ్ళెవరూ కూర్చునేవాళ్ళు కాదు.

"కొత్తగా వచ్చినావా అబ్బయ్యా?" అన్నాడు.

నేను తల ఊపాను.

"ఆ మూల మంచం నాది. ఏడాదిన్నర పండుకున్నా దానిమీద. ఈ వైపు పక్కటెముకలు ఐదు తీసేసినారు. చూడు, ఇప్పుడు గూడూరు నుంచి రైల్లో వచ్చి, దిగినకాడ్నించి నడిచి వచ్చినా."

జబ్బు బయటపడ్డాక నాకు అదే మొదటి మంచి మాట. బతికి బయటపడినవాణ్ణి నేను అప్పటిదాకా చూడలేదు.

ఆయన గూడూరులో ఒక అభ్రకం కంపెనీలో గుమాస్తా. అభ్రకం ఎన్నో దేశాలకు వెళ్ళేది, ఆ దేశాల నుంచి ఉత్తరాలు వచ్చేవి. కవర్ల మీది స్టాంపులు కత్తిరించి తీసుకోవడానికి యజమాని ఒప్పుకున్నాడు. అట్లా మొదలైన సరదా, జబ్బుపడి లేచాక ఆయన జీవితమైంది. వారమంతా కత్తిరించినవి ఆదివారం మా వార్డుకు తెచ్చేవాడు. సత్తు గిన్నెలో నీళ్ళుపోసి స్టాంపులు తేలేయడం, వెనక కాగితం దానంతటది ఊడేదాకా ఓపికపట్టడం, పాత పేపరు మీద బోర్లించి వరండా ఎండలో ఆరబెట్టడం, చిన్న పట్టకారుతో తీసి అట్టలకు అంటించడం మాకు నేర్పించాడు. డాక్టరు గారిని బతిమాలి అనుమతి తెచ్చుకున్నది కూడా ఆయనే.

"నాలికతో మాత్రం తడపబాకండి. స్పాంజి ఉండాది," అని ప్రతివారం చెప్పేవాడు.

మేమంతా ఆయన్ని స్టాంపులన్న అని పిలిచేవాళ్ళం.

ఒక్కో మంచానికి ఒక్కో దేశం పంచాడు. నాకు హంగేరీ వచ్చింది. దానిమీద ఆ పేరు ఉండదు, మాగ్యార్ అని ఉంటుంది. స్విట్జర్లాండు మీద హెల్వేషియా అని. ఇంగ్లండు అసలు పేరే వేసుకోదు, రాణి తల ఒకటి చాలనుకుంటుంది. ఇవన్నీ ఆయన చెబుతుంటే, ఇనప మంచం మీద పడుకున్న మాకు మధ్యాహ్నం ఎప్పుడు గడిచిందో తెలిసేది కాదు. నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని హంగేరీ అట్ట మీద పేర్లన్నీ నాచేతే రాయించాడు.

నా పక్క మంచం పులికాట్ సరస్సు ఒడ్డున చేపలు పట్టుకునే మనిషిది. ముప్పై ఏళ్ళుంటాయేమో.

"నాకు అచ్చరమ్ముక్క రాదన్నా, నాకెందుకు ఇయ్యన్నీ?" అన్నాడు మొదట.

"నీకు అచ్చరాలతో పనేంది? ఏ దేశానిదైనా సరే, పడవలు, చేపలు ఉన్నాయంటే నీయే."

కొన్నాళ్ళకు ఆ మనిషి ఒక స్టాంపును ఎండకు పట్టి చాలాసేపు చూసి, "ఈ బొమ్మ గీసినోడు పడవెక్కినోడు కాదన్నా. తెరచాప ఇట్టా కడితే గాలికి తిరగబడిపోతాది," అన్నాడు. స్టాంపులన్న దగ్గు వచ్చేదాకా నవ్వాడు. నాచేత ఆ స్టాంపు కింద 'తెరచాప తప్పు' అని రాయించాడు.

కార్తీకం వానల్లో ఆ మనిషి పోయాడు. శవం కోసం వచ్చిన భార్యకు స్టాంపులన్న ఆ పడవల అట్ట ఇచ్చాడు. ఆమెకు అదేమిటో అర్థం కాలేదు. "నీ మొగుడు కూర్చినాడమ్మా," అంటే చీర కొంగులో చుట్టుకుంది. ఆమె వెళ్ళాక ఆయన ఎప్పటిలాగే కత్తెర తీసి కవర్లు కత్తిరిస్తూ కూర్చున్నాడు. చెయ్యి తప్పి ఒక స్టాంపు సగానికి తెగింది. ఆయన చేతిలో స్టాంపు తెగడం నేను అదొక్కసారే చూశాను. కత్తెర కిందపెట్టి, ఆ రెండు ముక్కలనూ పక్కపక్కన పేర్చాడు.

మా వార్డుకు రావడం మొదలుపెట్టకముందు, స్టాంపులు చూడటానికి ఆయన ఇంటి వరండాలో వీధి పిల్లలు చేరేవారట. ఒకనాడు వాళ్ళ సంగతి అడిగాను.

"రావడంలేదు. ఇక్కడికి వస్తున్నానని తెలిసిపొయింది. తల్లులు బయపడినారు. బయపడరా మరి?"

"ఇక్కడికి రావడం మానేస్తే వాళ్ళు మళ్ళీ వస్తారు కదన్నా?"

"వాళ్ళకి గోలీలుండాయి, బొంగరాలుండాయి. మీకేముండాది అబ్బయ్యా?"

నేను బాగుపడ్డాను. పంపించేరోజు ఆదివారం కాకపోయినా ఆయన సెలవుపెట్టి వచ్చాడు. నెలకోసారి వచ్చి వార్డులో సాయం చేస్తానన్నాను. నిజంగానే అన్నాను.

"రాబాక," అన్నాడు. "ఎవురో ఒకరు చూస్తారు. ముందు ఉజ్జోగం రానీ, పెళ్ళి కానీ. జాబు రాస్తే చాలు."

ఆ ఏడాది మూడు జాబులు రాశాను. తర్వాత కావలిలో ఒక హైస్కూల్లో ఉద్యోగం దొరికింది. దరఖాస్తులో, గతంలో తీవ్రమైన జబ్బు ఏదైనా చేసిందా అన్నచోట లేదని రాశాను. ఆ ఒక్క మాటను కాపాడుకోవడానికి జాబులు రాయడం మానేశాను.

మూడేళ్ళు గడిచాయి. నాకు పెళ్ళి కుదిరింది. పిల్ల మేనమామ మా స్కూల్లోనే లెక్కల మాస్టారు. సంబంధం తెచ్చింది ఆయనే. ముహూర్తం ఇక నెల్లాళ్ళుందనగా హెడ్మాస్టరు గారు నన్ను పిలిచి, "సాయంత్రం స్టాంపుల ప్రదర్శన పెట్టడానికి ఒకాయన వస్తున్నారు. బళ్ళన్నీ తిరిగి చూపిస్తుంటారట, సొంత ఖర్చుతో. మీరు దగ్గరుండి సాయం చెయ్యండి," అన్నారు.

నాకు అనుమానం రావలసింది. రాలేదు.

మధ్యాహ్నం నేను టీచర్ల గదిలో ఉండగా హెడ్మాస్టరు గారు ఆయన్ని తీసుకొచ్చారు. చేతిలో రేకు పెట్టె. భుజం ఇంకొంచెం దిగింది. జుట్టు నెరిసింది. నన్ను చూడగానే ఆయన ముఖమంతా విప్పారింది. "అబ్బయ్యా!" అంటూ పెట్టె కిందపెట్టి రెండడుగులు ముందుకు వేశాడు.

"మీకు ముందే పరిచయమా?" అన్నారు హెడ్మాస్టరు గారు.

లెక్కల మాస్టారు దిద్దుతున్న పేపర్ల మీదినుంచి తలెత్తారు.

"లేదండీ," అన్నాను. "నేను ఈయన్ని ఎప్పుడూ చూడలేదు."

ఆయన ఆగిపోయాడు. ఒక్క క్షణమే. తర్వాత హెడ్మాస్టరు గారి వైపు తిరిగి, "మా పక్కూరి పిల్లోడనుకున్నానండీ. ఈ మధ్య చూపు ఆనడంలేదు," అని నవ్వాడు. నాకు నమస్కారం పెట్టి, "ఏమనుకోబాకండి అయ్యవారూ," అన్నాడు.

అయ్యవారూ అన్నాడు. అండీ అన్నాడు. పద్నాలుగు నెలల్లో ఒక్కసారి కూడా ఆ నోట నాకు 'మీరు' రాలేదు.

సాయంత్రం హాల్లో రెండు గంటలు ఆయన పక్కనే నిలబడి ఒక్కో అట్టా అందించాను. ఆయన గొంతులో తేడా లేదు. రాణి తల గురించి అదే మాట, అదే నవ్వు. పెట్టెలో సగానికి వచ్చాక నా చేతికి హంగేరీ తగిలింది. మూడుమూలల స్టాంపులు, వాటికింద గుండ్రటి అక్షరాలు, నావే. ఆ అక్షరాలను మా బడిలో గుర్తుపట్టని పిల్లాడు లేడు, రోజూ నల్లబల్ల మీద చూస్తారు. దాన్ని అందించలేదు. ఆయన మెల్లగా ఆ అట్టను నా చేతిలోంచి తీసుకుని, అక్షరాలున్న చోట అరచెయ్యి అడ్డంపెట్టి పైకెత్తాడు.

"ఇయ్యి నా స్నేహితుడు కూర్చినాడు," అన్నాడు పిల్లలతో.

"ఆయన ఎక్కడున్నారండీ?" అన్నాడొకడు.

"బాగుండాడు. చాలా బాగుండాడు," అని తరువాతి అట్ట అడిగాడు.

అయిపోయాక స్టేషనుదాకా పెట్టె మోయడానికి హెడ్మాస్టరు గారు ప్యూన్ను పంపబోతే వద్దన్నాడు. నేను మోస్తానని అనలేదు. ఆ పెట్టె కుడిచేతిలో పట్టుకుని, ఆగి ఆగి గేటు దాటి వెళ్ళడం కిటికీలోంచి చూశాను. పరిగెత్తితే అందేంత దూరమే.

పెళ్ళయింది. ఇదుగో రాస్తాను, అదుగో రాస్తాను అనుకుంటూనే రెండేళ్ళు దాటించాను. మా పాప పుట్టి నెల తిరిగాక, ఇక ఉండబట్టక, ఒక సెలవురోజు గూడూరు వెళ్ళాను. ఆయన ఇల్లు వెతికి పట్టుకున్నాను. భార్య తలుపు తీసింది. ఆమెను అంతకుముందు చూడలేదు.

"ఎవురు నాయనా?"

ఆసుపత్రి పేరు చెప్పి, అన్నను చూడటానికి కావలి నుంచి వచ్చానన్నాను. ఆమె నన్ను లోపలికి రమ్మని చాప వేసింది.

"నాలుగు నెల్లయింది నాయనా పొయ్యి," అంది. "జబ్బు రెండో పక్కకి కూడా పాకింది. ఆ వార్డులోనే పొయినాడు. ఆ పెట్టె ఇంటికి తేబాక, ఈడనే ఉండనీ అన్నాడు. ఇచ్చేసినా."

ఆమే మళ్ళీ అంది. "కావలి అయ్యవారివి నువ్వేనా? ఆడికి పొయ్యొచ్చినరోజు రెండుసార్లు చెప్పినాడు నీ గురించి. తెల్లచొక్కా యేసుకోని, ఒళ్ళు చేసి, దొరమాదిరి ఉండాడు, చూస్తే కడుపు నిండిపొయింది అన్నాడు."

"ఇంకేమీ చెప్పలేదా అమ్మా?"

"ఇంకేముండాది చెప్పేదానికి?"

అప్పుడు చెప్పాను. అందరి ముందు ఆయనెవరో ఎరగనన్నానని, హాల్లో నా అక్షరాల మీద ఆయన చెయ్యి అడ్డంపెట్టాడని, ఏదీ దాచకుండా చెప్పాను. ఆమె వింటూ గోడకు ఆనుకుంది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"ఆయనకి చెప్పాల్సిన మాట ఇది," అంది చివరికి. "నాకెందుకు చెప్తావు నాయనా?"

లేచి లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. తాగి వచ్చేశాను.

కావలి చేరాక, పాపకు నీళ్ళుపోస్తున్న నా భార్య పక్కన కూర్చుని అన్నీ చెప్పాను, నా జబ్బుతో సహా. ఆమె పాప ఒళ్ళు తుడిచి, గుడ్డ చుట్టి, ఒళ్ళో పెట్టుకుంది. జబ్బు దాచినందుకు అలుగుతుందనుకున్నాను. ఆ కోపం తర్వాత వచ్చింది, చాలా రోజులుంది. అప్పుడు మాత్రం ఒకటే అడిగింది.

"పిలిచుంటే ఆయన మన పెళ్ళికి వచ్చేవారా?"

"రైలెక్కి వచ్చేవారు," అన్నాను.