వారంటీ మీద వచ్చిన ల్యాప్‌టాప్

అవనిగడ్డలో ఒక మేడమీద గదిలో అద్దెకుంటాను. నాగాయలంక రోడ్డులో రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్ష చేసే ల్యాబులో నా ఉద్యోగం. పొద్దున్నుంచీ రైతులు సీసాల్లో నీళ్ళు పట్టుకొస్తూనే ఉంటారు. "మేడం, రొయ్య పైకి తేలుతోందండీ, కాస్త తొందరగా చూడండి" అని కంగారుపడేవాళ్ళకి ధైర్యం చెప్పడంతోనే రోజంతా సరిపోతుంది. సాయంత్రం స్కూటీ ఆపి మెట్లెక్కి తలుపేసుకున్నానంటే మళ్ళీ తెల్లారేదాకా మాట్లాడే మనిషి ఉండడు.

అందుకే గేమింగ్ ల్యాప్‌టాప్ కొనుక్కున్నాను. ముప్ఫై దాటిన ఆడదానికి ఆటలేమిటని ఎవరైనా అంటారేమోనని ఇంటావిడకి ఆఫీసు పనికని చెప్పాను. రోజూ చీకటిపడే వేళకి ఆటలోకి వెళ్ళేదాన్ని. మేం అయిదుగురం ఒక జట్టు. మిగతా నలుగురిలో ఒకతను విజయవాడ అనీ, ఒకతను ఏదో హాస్టల్లో ఉంటాడనీ మాటల్లో తెలిసింది. అంతకుమించి తెలియదు. వాళ్ళు మైకుల్లో మాట్లాడుకునేవాళ్ళు, నేను టైపు చేసేదాన్ని. మొదట్లో వేరే జట్టులో ఒకమ్మాయి నోరు విప్పగానే మగపిల్లలు ఎలాంటి మాటలన్నారో విన్నాను. అప్పట్నుంచీ మైకు ఆన్ చెయ్యలేదు. మా జట్టువాళ్ళు నన్ను "బ్రో" అనేవారు. దెబ్బలు తిని పడిపోయినవాళ్ళ దగ్గరికి పరిగెత్తి లేపడం నా పని. "బ్రో లేకపోతే ఇవాళ అయిపోయేవాళ్ళం రా" అని ఎవరైనా అంటే, ఆ మాటకి నేను గదిలో ఒక్కదాన్నే కూర్చుని నవ్వుకునేదాన్ని.

ఒక సాయంత్రం ఆట మధ్యలో ఫ్యాను గట్టిగా రొద పెట్టి స్క్రీను నల్లబడిపోయింది. ఎన్నిసార్లు బటను నొక్కినా లేవలేదు. వారంటీ ఇంకా ఉంది. దగ్గర్లో సర్వీస్ సెంటర్ ఎక్కడుందని చూస్తే గుడివాడ అని వచ్చింది.

ఆదివారం వాళ్ళకి సెలవు. ల్యాబులో సెలవు పెట్టి బస్సెక్కాను. ఆ ల్యాప్‌టాప్, దాని ఛార్జరు కలిపి చిన్న బండరాయంత బరువు. మోపిదేవిలో స్వామి దర్శనం చేసుకొచ్చినవాళ్ళతో బస్సు నిండిపోయింది. పక్కన కూర్చున్న పెద్దావిడ నా ఒళ్ళో బ్యాగు చూసి "కుట్టుమిషనా అమ్మా?" అనడిగింది. అవునన్నాను. మొవ్వ దాటేదాకా జాకెట్లకి ఎంత తీసుకుంటానో, హుక్కులు ఎవరు కుడతారో అడుగుతూనే ఉంది. ఏదో ఒకటి చెప్తూ కూర్చున్నాను. నిజం చెప్పాలంటే ఆ ప్రయాణం బాగుంది.

సర్వీస్ సెంటర్ ఒక మందుల షాపు పైన ఉంది. కౌంటర్లో ఉన్నాయన ల్యాప్‌టాప్ లోపలికి తీసుకెళ్ళి, కాసేపటికి వచ్చి "మదర్‌బోర్డ్ పోయిందండీ, కొత్తది తెప్పించి వేస్తాం" అన్నాడు. అన్నట్టే వేశారు. తెచ్చుకుని కొన్నాళ్ళు ఆడానో లేదో మళ్ళీ అలాగే పోయింది. మళ్ళీ బస్సు, మళ్ళీ మెట్లు. ఈసారి ఆయనే ఇబ్బందిగా మొహం పెట్టాడు.

"ఇంకోసారి ఇదే అయితే రీప్లేస్‌మెంట్‌కి రాస్తానండీ. కంపెనీ వాళ్ళు ఒప్పుకుంటారు."

"ఇప్పుడే రాయొచ్చు కదండీ?"

"రూలు ఒప్పుకోదండీ."

నాకు ఏడుపొచ్చినంత పనైంది. వెనక్కి తిరిగేసరికి బెంచీ మీద ఒక పెద్దాయన నన్నే చూస్తున్నారు. తెల్లచొక్కా, మడత నలగని ప్యాంటు. ఒళ్ళో నాలాంటిదే బరువైన ల్యాప్‌టాప్, కీల కింద ఎర్రలైట్లు వెలుగుతున్నాయి.

"మనవడిదాండీ?" అన్నాను, ఏదో ఒకటి మాట్లాడాలని.

"నాదేనమ్మా. వేడెక్కి ఆగిపోతోంది."

"మీరు ఆడతారా?"

"ఆడను, నడుపుతాను" అన్నారు నవ్వి. "రైలు."

రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారట. భార్య పోయారు. ఒక్కగానొక్క కూతురు విశాఖపట్నంలో ఉంటుంది. ఇక్కడే గుడివాడ స్టేషనుకి దగ్గర్లో చిన్న ఇల్లు. "సర్వీసంతా ఆఖరి పెట్టెలో కూర్చున్నానమ్మా. ముందు ఇంజన్లోంచి దారి ఎలా కనపడుతుందో ఎప్పుడూ చూడలేదు. ఇందులో చూసుకుంటున్నాను" అన్నారు. రైలు నడిపే ఆట ఒకటుందనీ, అది ఆడేందుకే ఇంత పెద్ద ల్యాప్‌టాప్ కొన్నాననీ ఏమాత్రం మొహమాటం లేకుండా చెప్పారు. ఇంటావిడకి నేను చెప్పిన అబద్ధం గుర్తొచ్చి నాకు సిగ్గేసింది.

పెద్ద స్టేషన్లు వచ్చేసరికి బొమ్మ ఆగి ఆగి కదులుతోందని ఆయన బాధ. అది వేడి వల్ల ఒక్కటే కాదనీ, ర్యామ్ తక్కువై ఉంటుందనీ, లోపల ఇంకొకటి పెట్టుకునే చోటు ఉంటుందనీ చెప్పాను. ఆయన శ్రద్ధగా విని నా ఫోన్ నంబరు తీసుకున్నారు. నేను ఆయన్ని బాబాయ్ గారూ అన్నాను. ఆయన మొదట్నుంచీ అమ్మాయ్ అనే అన్నారు.

రెండోసారి వేసిన బోర్డు కూడా ఎన్నాళ్ళో నిలవలేదు. మూడోసారి అప్పగించి వచ్చాక కంపెనీ నిర్ణయం కోసం ఎదురుచూడ్డమే మిగిలింది. ఆ రోజుల్లో సాయంత్రాలు చాలా పొడుగ్గా ఉండేవి. ఫోన్లో మా జట్టు గ్రూపులో 'ల్యాప్‌టాప్ పోయింది, కొన్నాళ్ళు రాలేను' అని పెడితే ఒకతను బొటనవేలు గుర్తు పెట్టాడు. అంతే, ఆ తర్వాత ఎవరూ ఏమీ అడగలేదు. వాళ్ళని తప్పుపట్టడానికి లేదు. నా పేరు కూడా వాళ్ళకి తెలియదు.

ఒక శనివారం ఉండబట్టలేక బందరు వెళ్ళాను. అక్కడ మా అన్నయ్య వాళ్ళుంటారు. గిలకలదిండిలో అన్నయ్యకి ఐసు వ్యాపారం. వదిన రొయ్యల ఇగురు చేసి ప్రేమగానే పెట్టింది. పెళ్ళి సంగతి ఎత్తబోయి అన్నయ్య చూసిన చూపుకి ఆగిపోయింది. భోజనాలయ్యాక అందరూ టీవీ ముందు కూర్చున్నారు. నేను కూడా కూర్చున్నాను. వాళ్ళ నవ్వులు ఎందుకో నాకు అందలేదు. ఆ సీరియల్లో ఎవరు ఎవరికేమవుతారో తెలియాలంటే రోజూ చూస్తుండాలి. ఆదివారం మధ్యాహ్నమే పనుందని చెప్పి వచ్చేశాను.

ఆ వారంలోనే బాబాయ్ గారు ఫోన్ చేశారు.

"అమ్మాయ్, ర్యామ్ గురించి చదివాను. మనకి కావలసింది ల్యాప్‌టాప్‌లకి వచ్చే చిన్న సైజుది కదా?"

"అవునండీ. మీ దాంట్లో ఏ రకం ఉందో చూసి అదే కొనాలి."

"నువ్వొచ్చి చూద్దువుగానిలే. నీది కూడా వచ్చాక ఇద్దరం ఒకేసారి వేసుకుందాం."

అప్పట్నుంచీ రెండు మూడు రోజులకోసారి మాట్లాడుకునేవాళ్ళం. ముందు ర్యామ్, తర్వాత ఇంకో స్టోరేజీ డ్రైవు, ఆ తర్వాత కింద పెట్టుకునే కూలింగ్ ప్యాడు. చేతిలో ల్యాప్‌టాప్ లేని నేను దానికి ఏమేం తగిలించాలో గంటల తరబడి చర్చించేదాన్ని. ఆయన వంట చేసుకుంటూ మాట్లాడేవారు. పోపు చిటపటలు వినపడేవి.

చివరికి సర్వీస్ సెంటర్ నుంచి కబురొచ్చింది. పాత మోడల్ ఇప్పుడు రావట్లేదట, దానికంటే పై మోడల్ ఇస్తున్నారట. వెళ్ళి పాతదాన్ని వాళ్ళకే వదిలేసి సీలు తియ్యని కొత్త పెట్టె తెచ్చుకున్నాను. గదికొచ్చి తెరిచాక కొత్త ప్లాస్టిక్ వాసన, వేలిముద్ర పడని మూత. స్నానం కూడా చెయ్యకుండా ఆట ఎక్కించుకుని లోపలికి వెళ్ళాను.

మావాళ్ళు నలుగురూ ఉన్నారు. వాళ్ళతో అయిదో పేరు ఒకటుంది, నాకు తెలియనిది.

'వచ్చేశా' అని టైపు చేశాను.

"బ్రో! ఎన్నాళ్ళకి! కానీ స్క్వాడ్ ఫుల్ బ్రో. తర్వాత చూద్దాం" అన్నాడు విజయవాడ అతను.

ఆ తర్వాత ఆట కూడా ఫుల్లే. మర్నాడు కూడా. మూడో రోజు నాకేమైందో తెలియదు, గ్రూపు కాల్లోకి వెళ్ళి మైకు ఆన్ చేశాను.

"హలో, నేను" అన్నాను.

హాస్టల్ అబ్బాయి చాలా మర్యాదగా అడిగాడు.

"బ్రో లేడాండీ? మీరు సిస్టరా?"

నేనే అని చెప్పొచ్చు. ఇన్నాళ్ళూ మిమ్మల్ని లేపింది నేనేనయ్యా అనొచ్చు. నోటిదాకా వచ్చింది. వాళ్ళు నమ్ముతారో లేదో, నమ్మితే ఎలా మారతారో అనిపించింది.

"లేడండీ, బయటికెళ్ళాడు" అన్నాను.

"వస్తే మేం అడిగామని చెప్పండి."

"చెప్తానండీ."

కాల్ కట్ చేశాను. వాళ్ళు అడిగింది నన్నే, ఆ సంగతి చెప్పాల్సింది కూడా నాకే. కొత్త ల్యాప్‌టాప్ ఫ్యాను చప్పుడు లేకుండా తిరుగుతోంది.

ఆ ఆదివారం ల్యాప్‌టాప్ పట్టుకుని గుడివాడలో బాబాయ్ గారింటికి వెళ్ళాను. సర్వీస్ సెంటర్ ఆయన్ని ముందే అడిగి ఉంచాను, ర్యామ్ వేసుకుంటే వారంటీ పోదన్నాడు, మా ఇద్దరికీ ఏ రకం కావాలో కూడా చెప్పాడు. అవి ముందే తెప్పించాను. బాబాయ్ గారు మంచం మీద శుభ్రమైన దుప్పటి పరిచి, స్క్రూలు పెట్టడానికి చిన్న గిన్నె, స్క్రూడ్రైవరు సిద్ధం చేసుకున్నారు. ముందు ఆయనది విప్పాం. ఆయన ఫోన్ లైటు పట్టుకుంటే నేను పాత ర్యామ్ పక్కన కొత్తది గుచ్చి నొక్కాను. టక్కుమంది. మూత బిగించి ఆన్ చేస్తే నల్ల స్క్రీనే.

"పోయిందా?" అన్నారు మెల్లిగా.

"కొత్తది గుర్తుపట్టడానికి టైము పడుతుందండీ" అన్నాను గానీ నాకూ భయంగానే ఉంది. ఎట్టకేలకు వెలుతురు వచ్చింది. ఆయన నా భుజం మీద గట్టిగా తట్టి లోపలికెళ్ళి కాఫీ పెట్టుకొచ్చారు. నాది కూడా అలాగే భయపెట్టి లేచింది.

తర్వాత ఆయన రైలు ఆట పెట్టారు. ఏదో చలిదేశపు లైను, పట్టాల పక్కన అంతా మంచు. పెద్ద స్టేషన్లో కూడా బొమ్మ ఎక్కడా ఆగలేదు. ఆయన కళ్ళజోడు సర్దుకుని ముందుకు వంగారు.

"ఈ ఊళ్ళ పేర్లకి నాకు నోరు తిరగదమ్మా. గుడివాడ నుంచి మన బందరు లైనే అనుకుందాం. ఇది నూజెళ్ళ. తర్వాతది గుడ్లవల్లేరు."

"మరి బందరు దాకా వెళ్దామా బాబాయ్ గారూ?"

"వెళ్దాం. గార్డువి నువ్వే. నువ్వు రైట్ అనందే బండి కదలదు."

మంచులో ఉన్న కవుతరంలో ఆపారు. నేను మెల్లిగా "రైట్" అన్నాను.

"నాకు వినపడలేదు. ఇంజను దూరంగా ఉందిక్కడ."

"రైట్!" అని అరిచాను. బండి కదిలింది. వడ్లమన్నాడు, పెడన, చిలకలపూడి, ప్రతి చోటా అరిచాను. పక్కింటివాళ్ళు గోడ మీంచి తొంగిచూశారు. ఆయన పట్టించుకోలేదు. తిరిగొచ్చే బస్సులో చూసుకుంటే నా గొంతు బొంగురుపోయింది.

అలాంటి ఆదివారాలు కొన్ని గడిచాయి. ఆ తర్వాత ఆయనకి మోకాలు ఆపరేషన్ అవసరమైంది. కూతురు వచ్చి విశాఖపట్నం తీసుకెళ్ళింది. నెల్లోపు వచ్చేస్తానన్న మనిషి రాలేదు. ఆపరేషన్ బాగానే జరిగిందట. కానీ ఒక్కరే ఉండొద్దని కూతురు పట్టుబట్టింది. ఇల్లు అద్దెకిచ్చేశారు. ల్యాప్‌టాప్ సంగతి అడిగితే "పిల్లలు కార్ల ఆట ఎక్కించుకున్నారమ్మా, నా చేతికి రావట్లేదు" అని నవ్వారు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

పాత జట్టులోకి మళ్ళీ వెళ్ళలేదు. ఆ ఖాతా అలాగే వదిలేసి ఇంకోటి తెరిచాను. ఇప్పుడు మైకు పెట్టుకునే ఆడతాను. నా గొంతు వినగానే కొందరు వెకిలిగా మాట్లాడతారు, కొందరు వెళ్ళిపోతారు. కొందరు మామూలుగా ఆడి, మామూలుగా సెలవు తీసుకుంటారు. రెండో రోజు కూడా కనపడినవాళ్ళు ఇంకా ఎవరూ లేరు.

మేం అనుకున్న స్టోరేజీ డ్రైవు మొన్న తెప్పించాను. గది నేల మీద దుప్పటి పరుచుకుని ఒక్కదాన్నే మూత విప్పాను. లైటు పట్టుకునేవాళ్ళు లేక ఫోన్ని నోట్లో కరుచుకున్నాను. మొదటిసారే గుర్తుపట్టింది. సంతోషం పట్టలేక బాబాయ్ గారికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. మర్నాడు పొద్దున ఆయనే చేశారు.

"డ్రైవు వేసేశాను బాబాయ్ గారూ, నేనే!"

"ఏ డ్రైవు అమ్మా?"

చెప్పాను. "మంచిది, మంచిది" అన్నారు. తర్వాత వాళ్ళ అపార్ట్‌మెంట్లో లిఫ్టు తరచూ ఆగిపోతోందనీ, అందుకని కిందికి దిగడం మానేశాననీ చెప్పారు. బాల్కనీలోంచి సముద్రం కనపడదా అంటే, ఎదురుగా ఇంకో అపార్ట్‌మెంట్ ఉందన్నారు. నేను ఇంకేదో అడగబోతుంటే వెనక ఎవరో పిలిచారు.

"టిఫినుకి పిలుస్తున్నారమ్మా. ఉంటాను" అని పెట్టేశారు.

నాకు కూడా ల్యాబుకి టైమైంది. కొత్త డ్రైవులోకి ఒక పెద్ద ఆట డౌన్‌లోడ్ పెట్టి, మూత సగం దించి, తలుపుకి తాళం వేసుకున్నాను.