హవాలాత్ ఖాళీ

మోండా మార్కెట్ వెనక ఒక చిన్న ఠాణా ఉండేది. అందులో అల్లాబక్ష్ అని ఒక జమేదార్, అంటే హెడ్ కానిస్టేబుల్. అంతటి కోతలరాయుడు అటు కాప్రా నుంచి ఇటు రాంగోపాల్‌పేట్ దాకా ఇంకొకడు పుట్టలేదు. కాప్రా చెరువు గట్టున చిరుతపులిని చెవి పట్టుకుని ఠాణాకు నడిపించుకొచ్చానని చెప్పేవాడు. దారిలో అది మొరాయిస్తే బెల్టు బిళ్ల చూపించాడట, సలాం కొట్టిందట. కూరగాయల బిక్షం వంకాయలు తూచడం మరిచిపోయి వినేవాడు.

"పులికి బేడీలు ఎయ్యలేదా, జమేదార్ సాబ్?"

"నాలుగు కాళ్లకు రెండు జతలు గావాలె. ఠాణాల ఒక్కటే జత ఉండె. గందుకే చెవు పట్టుకున్న."

ఆ బిళ్ల కూడా తక్కువది కాదు, మూడు సర్కార్లను చూసింది. మొదట తెల్లదొరల బిళ్ల. వాళ్లు ఊరిని నిజాంకు తిరిగి అప్పజెప్పాక నిజాం బిళ్ల. పోలీసు చర్య అయ్యాక మిలిటరీ సర్కారు బిళ్ల. కింద నడుము మాత్రం అదే.

మారనిది ఇంకొకటి, రోజ్‌నామ్చా. ఠాణాలో చీమ చిటుక్కుమన్నా ఎక్కించే పెద్ద పుస్తకం అది. ఎవరొచ్చారు, ఎవరిని పట్టుకున్నారు, హవాలాత్‌లో, అంటే చువ్వల గదిలో, ఎందరున్నారు, రెండు పూటలా రాయాలి. రాసేది అల్లాబక్షే. నోటితో పులులను నడిపించిన మనిషి, కలం పడితే పిల్లిని పిల్లి అనే రాసేవాడు. ఆ పుస్తకం చూసి తెల్లదొర కూడా మెచ్చి సంతకం పెట్టాడు.

అందులో జీవితం మొత్తానికి ఒక్క అబద్ధం రాశాడు. తమ్ముడి కోసం.

తమ్ముడు జిలానీ గొడుగులు బాగుచేసేవాడు. ఇరవై ఏళ్ల వేడి నెత్తురు. నలభై ఎనిమిది ఆగస్టులో ఎవరి ఉపన్యాసమో విని రజాకార్ల పట్టీలో పేరు రాయించుకున్నాడు. ఒక ఆదివారం వాళ్ల లారీ ఊళ్ల మీదికి బయలుదేరుతోంది. ఠాణా పెద్ద అమీన్ సాబ్ జవాన్లందరినీ తీసుకుని రైల్వే స్టేషన్ బందోబస్తుకు పోయాడు. అల్లాబక్ష్ తమ్ముణ్ణి పిలిపించి, హవాలాత్‌లో ఉన్న విరిగిన గొడుగు చూడమన్నాడు. వాడు లోపలికి వెళ్లగానే తాళం వేశాడు.

"భయ్యా, తియ్యి! దోస్తులు పోతున్రు!"

"పోనియ్యి. నువ్వు గొడుగు చెయ్యి."

"నా ఇజ్జత్ ఏం గావాలె?"

"ఇజ్జత్ రేపు ఇస్త. ఇయ్యాల బువ్వ తిను."

మధ్యాహ్నం తల్లి మాబూబీ అన్నం తెచ్చి, చువ్వల సందులోంచి ముద్దలు పెట్టింది. సోమవారం తెల్లవారుతూనే, జవాన్లు తిరిగి రాకముందే వదిలేశాడు. పుస్తకంలో పేరెక్కితే అమీన్ నేరమేందని అడుగుతాడు, ఆ మచ్చ బతికినంతకాలం పోదు. అందుకే "హవాలాత్ ఖాళీ" అని రాశాడు. ఎంత తెలివిగా రాశానని మురిసిపోయాడు కూడా.

ఆ లారీ ఒక ఊరిని తగలబెట్టింది. ఇద్దరు చచ్చిపోయారు.

సెప్టెంబరులో మిలిటరీ వచ్చింది. రజాకార్ల పట్టీ దొరికింది, లారీ ఎక్కవలసినవాళ్లలో జిలానీ పేరుంది. తెచ్చి అదే హవాలాత్‌లో వేశారు. మద్రాసు వైపు నుంచి వచ్చిన కొత్త అధికారి అల్లాబక్ష్‌ను పిలిచాడు.

"ఆ ఆదివారం నీ తమ్ముడు ఎక్కడున్నాడయ్యా?"

"గీడనే హుజూర్. గీ చువ్వల ఎన్క. నేనే తాళమేసిన."

అధికారి వెంట వచ్చిన మున్షీ పుస్తకం తీసి చదివాడు. హవాలాత్ ఖాళీ.

"ఎవరి రాత?"

"నాదే హుజూర్. గదొక్కటే అబద్ధం రాసిన."

"పదేళ్ల రాత చదివించాను. ఒక్క తప్పు దొరకలేదు. తమ్ముడి కోసం ఇంత మంచి పుస్తకాన్ని చెడగొట్టుకోకు."

ఆ రోజు చువ్వల సందులోంచి అన్నం పెట్టానన్న తల్లి మాట తల్లి మాటగానే పోయింది. అల్లాబక్ష్ మార్కెట్‌కు పరుగెత్తాడు. తన మాటకు విలువుందని చెప్పే మనిషి కావాలి. బిక్షాన్ని లాక్కొచ్చాడు. బిక్షం తలపాగా సర్దుకుని, ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు.

"మా జమేదార్ సాబ్ మాటంటే మాటే, దొరా! గసొంటి మనిషి దొరకడు. కాప్రా చెరువుకాడ చిరుతపులిని చెవు పట్టుకొని తెచ్చిండు!"

ముందు మున్షీ నవ్వాడు. తర్వాత అధికారి. పని అయిపోయిందనుకుని బిక్షం కూడా నవ్వాడు.

మర్నాడు జిలానీని మిలిటరీ లారీ ఎక్కించారు. వాడు అన్నను చూసి, ఎప్పుడూ ఆటపట్టించే గొంతుతోనే అన్నాడు: "భయ్యా, ఈసారి సుత తాళమేసి ఉంచుకోరాదు?"

లారీ మలుపు తిరిగాక అల్లాబక్ష్ లోపలికొచ్చి పుస్తకం తెరిచాడు. సాయంత్రం లెక్క రాయాలి. హవాలాత్ ఖాళీ అని రాశాడు. ఈసారి నిజమే.

జిలానీకి ఏడేళ్లు పడ్డాయి. ఆ చలికాలమే జైల్లో జ్వరమొచ్చి పోయాడు. కబురు ఠాణాకే వచ్చింది. అల్లాబక్ష్ ఇంటికి నడిచి వెళ్లి తల్లికి చెప్పాడు. మాబూబీ గోడకు ఆనుకుని కూర్చుంది.

"ఆఖరికి నన్ను యాద్ జేసిండంటనా, బిడ్డా?"

జేసిండమ్మా అంటే చాలు. పులికి సలాం నేర్పిన నోరది. అల్లాబక్ష్ తెరిచాడు. ఎంత వెతికినా ఆ ఒక్క మాట దొరకలేదు.

"తెల్వదమ్మా" అన్నాడు.