పదహారు పొట్టి స్క్రూలు

మేస్త్రి మామ చనిపోయాడన్న కబురు శుక్రవారం మధ్యాహ్నం వచ్చింది. అల్ ముంతజాలో నేను డ్రైవరుగా పనిచేసే విల్లా ముందు కారు తుడుస్తున్నాను. "బాపు పొద్దున పోయిండన్నా" అన్నాడు ఆయన కొడుకు ఊరి నుంచి ఫోన్‌లో. గుడ్డ పిండి ఆరేశాను. ఇక ఊరుకోకూడదని అప్పుడే అనుకున్నాను.

మామది మా పక్క ఊరు. వడ్రంగి. బిర్కత్ అల్ అవామిర్‌లో కూలీల క్యాంపులో ఉండేవాడు. తలుపుల పని ఉన్నప్పుడల్లా కంపెనీ వ్యాన్ ఆయన్ని మా విల్లా దగ్గర దింపేది. శాంతస్వభావుడని రాస్తే అబద్ధమవుతుంది. తన సుత్తి ఎవరైనా ముట్టుకుంటే రెండు రోజులు మాట్లాడేవాడు కాదు. ఎంత లోతుకు దిగాలో గుర్తుగా డ్రిల్లు మొనకు ఎర్ర టేపు చుట్టుకునేవాడు. "చెయ్యి ఎక్కడ ఆపాల్నో తెల్వాలె అల్లుడా" అనేవాడు.

ఇంటి యజమానిని మేం అర్బాబ్ అంటాం. ఆయన పెద్దకొడుకు చలికాలంలో మంచు దేశాలకు వెళ్ళి, కాళ్ళకు పలకలు కట్టుకుని మంచు మీద జారే ఆట ఆడతాడు. ఒకసారి కొత్త స్కీ పలకలు తెప్పించి, బూటును పట్టి ఉంచే బైండింగులు ఇంట్లోనే బిగించమన్నాడు. మామ మంచు ఎన్నడూ చూడలేదు. పొద్దంతా బొమ్మల కాగితం ముందు కూర్చున్నాడు. తర్వాత కాగితం అచ్చును పలక మీద అంటించి, బూటు మధ్య గీతను పలక మధ్య గుర్తుకు కలిపి, మూడుసార్లు కొలిచాడు. టేపు దగ్గర డ్రిల్లు ఆపాడు. పొట్టు ఊది, రంధ్రానికో జిగురు చుక్క వేసి, పదహారు స్క్రూలూ చేత్తోనే తిప్పాడు.

"మనిషి పడితే బూటు ఊడాలె, లేకుంటే కాలు ఇరుగుతది. ఆ స్ప్రింగు మంచుకాడి దుకాణపోడే సరిజెయ్యాలె. నాకు తెల్వనిది నేను ముట్ట" అన్నాడు.

మామ క్యాంపుకు వెళ్ళాక విల్లా మేనేజర్ వచ్చాడు. గోదావరి వైపు మనిషి. "ఇంత బుల్లి స్క్రూలేంటయ్యా, కిటికీకే ఇంతకన్నా పెద్దవి కొడతారు" అంటూ అన్నీ ఊడదీసి, పొడుగువి మిషన్‌తో దించాడు. పొట్టివి చెత్తబుట్టలో వేశాడు. నా వైపు చూసి, "నీ డ్యూటీ నువ్వు చూసుకో" అన్నాడు. నేను చూసుకున్నాను. స్క్రూలు మాత్రం ఏరి పాలపొడి డబ్బాలో దాచాను.

మంచు మీద బైండింగు ఊడొచ్చి పెద్దకొడుకు చెయ్యి విరిగింది. పలకల అడుగున పొడుగు స్క్రూల మొనలు తన్ని పదహారు బొడిపెలు లేచి ఉన్నాయి. "వడ్రంగి పనండీ" అన్నాడు మేనేజర్. కంపెనీ మామను ఇంటికి పంపేసింది. నేను నోరు తెరవలేదు. ఆయన విమానం ఎక్కే ముందురోజు మాత్రం క్యాంపుకు వెళ్ళి డబ్బా ఆయన ముందు పెట్టి, జరిగింది చెప్పాను. ఆయన నన్ను తిట్టలేదు. మూత పెట్టి నా చేతికే ఇచ్చాడు.

"నీకు ధైర్యం వచ్చిననాడు ఆని ముందట పెట్టు. అప్పటిదాక పారెయ్యకు."

మా ఊళ్ళవాళ్ళకు ఏ అరబ్బు దేశమైనా దుబాయే. దుబాయ్‌లో పని చెడగొట్టి వచ్చాడని ఊళ్ళో రెండేళ్ళు అన్నారు. దర్వాజా పనికి కూడా ఎవరూ పిలవలేదట.

మామ పదకొండో దినం నాడు డబ్బా మేనేజర్ బల్ల మీద పెట్టాను. "వాళ్ళింటికి ఫోన్ చేసి నిజం చెప్పండి. లేకపోతే ఇది ఇప్పుడే అర్బాబ్ దగ్గరికి తీసుకుపోతా."

"పోయినాయన కోసం ఇప్పుడు ఇదంతా ఎందుకయ్యా?"

నేను ఫోన్ కలిపాను. చుట్టాలంతా భోజనాలకు కూర్చునే వేళ చూసే కలిపాను. కొడుకు స్పీకర్ పెట్టాడు. అటువైపు గోల ఆగింది.

"స్క్రూలు మార్చింది నేనండి. మీ నాన్నగారి పనిలో తప్పు లేదు" అన్నాడు మేనేజర్.

వాళ్ళకు స్పష్టంగానే వినపడింది. అయినా "వెనకున్నోళ్ళకు వినపడలేదట, మళ్ళీ చెప్పండి" అన్నాను. మళ్ళీ చెప్పాడు.

ఫోన్ పెట్టేశాక ఆయన డబ్బా వైపు చెయ్యి చాపాడు. నేను తీసుకున్నాను. అర్బాబ్‌కు చూపించనని మాటివ్వలేదు.

ఇప్పుడది కారు డ్యాష్‌బోర్డు అరలో ఉంటుంది. వారానికి రెండుసార్లు మేనేజర్‌ను ముషైరిబ్ ఆఫీసుకు దింపాలి. ఆయన వెనక సీట్లో కూర్చుంటాడు. దారిలో స్పీడ్ బ్రేకర్లు ఉన్నాయి. వాటి దగ్గర నేను వేగం తగ్గించను. ప్రతి దాని మీదా డబ్బాలో పదహారు స్క్రూలు గలగలమంటాయి. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తాడు.