డబ్బాలో పోయని ఒడిబియ్యం

నిన్న బాన్సువాడ నుంచి అమ్మ పంపిన మూట విప్పగానే, కొత్త బియ్యం వాసనకు మా అవ్వ గుర్తొచ్చింది. పెళ్లైన ఆడబిడ్డ పుట్టింటికొస్తే పసుపు కలిపి ఒడిబియ్యం పోసేవాళ్లు, మీకూ గుర్తుంది కదా?

తొంభైల్లో ఏటా కోతలయ్యాక అవ్వ నన్ను వెంటబెట్టుకుని హైదరాబాదులో ఓ పాత మహంకాళమ్మ గుడికి పోయేది. మా పొలంలో పండిన బియ్యానికి పసుపు పట్టించి, అమ్మవారికి ఒడిబియ్యమని మూట కట్టేది. బస్సులో దారి పొడవునా ఆ మూటను ఒడిలోంచి దించేది కాదు.

ఓసారి గుడి ముందు బజారంతా కిక్కిరిసి ఉంది. లోపల లైను చూసే అతను విసుక్కున్నాడు. "జల్ది నడువవ్వా! బియ్యం గా డబ్బాల పొయ్యి."

అవ్వ కదల్లేదు. "ఏందయ్యా, ఇంటి ఆడబిడ్డ ఒడిబియ్యం డబ్బాల పోస్తరా? నీ చెల్లెకు గట్లనే పోస్తవా?"

వెనక ఒకటే తోపులాట. నాకు ఏడుపొచ్చేసింది. పూజారి మాత్రం నవ్వి, అమ్మవారి చీర కొంగు చాపి పట్టుకున్నాడు. అవ్వ తాపీగా దోసిళ్లతో పోసింది.

చుట్టూ అందరూ "తల్లీ, కాపాడు" అని మొక్కుతున్నారు. మా అవ్వ గడప దాటబోతూ అమ్మవారి వైపు తిరిగి, "పోయొస్తం బిడ్డా, పైలం" అని జాగ్రత్త చెప్పింది.