తొడిమలు తీసే మిషనుకి కంపెనీ

గుంటూరులో లా కాలేజీలో పాఠాలు చెబుతాను. నాలుగో ఏడు పిల్లలతో వారానికి రెండు మధ్యాహ్నాలు ఒక సలహా కేంద్రం నడుపుతాను. కొత్తగా కంపెనీ పెట్టుకునేవాళ్లు వస్తారు. ఎలా రిజిస్టర్ చేయాలి, వాటాలు ఎవరి పేరున ఉండాలి, పెట్టుబడి పెట్టేవాళ్లు తెచ్చిన కాగితంలో ఏది చూడకుండా సంతకం పెట్టకూడదు, ఇవన్నీ పిల్లలే చెబుతారు. వాళ్ల వెనక కుర్చీలో నేనుంటాను. తప్పు చెబితే దగ్గుతాను. మిర్చి సీజన్లో ఊరంతా దగ్గుతుంది కాబట్టి అదీ సరిగా పనిచేయదు.

ఒక ఎండాకాలం మొదట్లో దర్శి వైపు నుంచి అన్నాచెల్లెళ్లు వచ్చారు. ఎండు మిరపకాయలకి తొడిమలు తీసే మిషను ఒకటి తయారైందన్నారు. తయారుచేసింది చెల్లెలు. ఏళ్ల తరబడి కూలికి తొడిమలు తీసి, చేతుల మంట పడలేక, పాత కుట్టుమిషను మోటారుతో మొదలుపెట్టి, నానా తిప్పలూ పడి చేసింది. ఈ సంగతులన్నీ చెప్పింది మాత్రం అన్న. నేను ఆయనకి కుర్చీ వేయించాను. ఆమె గోడ పక్కన బెంచీ మీద కూర్చుంది. మేం ఏదడిగినా ఆమె అన్న మొహం చూసేది, ఆయన జవాబు చెప్పేవాడు. మా వైపు ఇది వింతేం కాదు. నాకూ వింతగా అనిపించలేదు.

ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీకి కనీసం ఇద్దరు వాటాదారులుండాలని మా పిల్లలు చెప్పారు.

"నేనూ, మా ఇంటావిడా ఉంటామండి," అన్నాడాయన. "చెల్లెలు ఎటూ మా ఇంట్లోదేగా."

మా పిల్లల్లో ఆ కేసు చూసే అమ్మాయిది వినుకొండ. నా దగ్గరికొచ్చి మెల్లిగా, "మేడం, ఆవిణ్ణి ఒకసారి విడిగా అడుగుదామా?" అంది. నాకు చిరాకేసింది. బయట ఇంకో ఇద్దరు ఎదురుచూస్తున్నారు.

"అన్నాచెల్లెళ్ల మధ్య మనం దూరడమేంటమ్మా? వాళ్లొచ్చిన పని చూడు," అన్నాను.

క్లాసులో మాత్రం ఏం చెబుతానో తెలుసా? క్లయింటు ఎవరో తేల్చుకోకుండా కలం పట్టుకోవద్దని. మొదటి రోజు మొదటి మాట అదే. నా మొహం, నాకే ఎక్కలేదు.

కాగితాలన్నీ పద్ధతిగా చేశాం. మిషను కనిపెట్టింది ఆమె కాబట్టి, దాని మీద హక్కులన్నీ కంపెనీకి రాసిచ్చే పత్రం ఒకటి కావాలి. అది లేకపోతే పెట్టుబడి పెట్టేవాళ్లు దగ్గరికి రారు. వినుకొండ అమ్మాయి రాసింది, నేను దిద్దాను. మొత్తం ఫైల్లో ఆమె సంతకం పెట్టిన కాగితం అదొక్కటే. గుండ్రటి అక్షరాలతో నెమ్మదిగా పెట్టింది. పత్రం బాగా కుదిరిందని తర్వాతి బ్యాచ్ పిల్లలకి నమూనాగా కూడా చూపించాను.

పత్తి తీసే రోజుల్లో ఆ చెల్లెలు ఒక్కతే వచ్చింది. హైదరాబాద్ వాళ్లెవరో పెట్టుబడి పెట్టారట. ఇంజినీర్లని పెట్టుకున్నారట. ఇక నువ్వు మిషన్లు చేసే షెడ్డుకి రానక్కర్లేదని అన్న చెప్పాడట.

"కంపెనీలో నాకేముందో చూసి చెప్పండి మేడం," అంది.

ఐదో ఏడుకి వెళ్లినా పాత కేసులు చూడ్డానికి వస్తున్న వినుకొండ అమ్మాయి ఫైలు తీసి రెండుసార్లు తిరగేసింది. దాన్ని నా ముందుకి జరిపింది. నేనే చెప్పాను. నీకు వాటా లేదు, నువ్వు డైరెక్టరువి కాదు, మిషను కూడా ఇప్పుడు కంపెనీదే అని, పాఠం చెప్పే గొంతుతోనే చెప్పాను. నాకు ఏడుపు రాలేదు. సిగ్గు కూడా రాలేదు. తిమ్మిరెక్కిన కాలిని గిల్లుకుంటే తెలియదు చూడండి, అలా ఉంది. ఇప్పటికీ చాలావరకు అలాగే ఉంది. క్లాసులు చెబుతున్నాను, తింటున్నాను, పడుకుంటున్నాను.

వేరే లాయరు దగ్గరికి వెళ్లమన్నాను. అన్న మీదే కాదు, మా మీద కూడా కేసు వేయొచ్చని చెప్పాను. ఆమె తల అడ్డంగా ఊపింది. కోప్పడలేదు.

"ఆ రోజు మీరు నన్నొక్క మాట అడగాల్సింది మేడం," అంది.

"అడిగితే ఏం చెప్పేదానివమ్మా?"

"అన్న పేరే రాయమనేదాన్ని," అంది. "అయినా అడగాల్సింది."